పోశయ్య గారు ప్రతిపాదించగా

బడిని అప్పగించాలంటే సభ్యులందరి సంతకాలూ కావాలని కొనేవాళ్లు అడిగారు. మా మరిది గిరిప్రసాద్ తీర్మానం టైపు చేయించి తెచ్చాడు. అతని సంతకం, నా సంతకం ఇంట్లోనే అయిపోయాయి. మిగిలిన ముగ్గురి కోసం మే నెలలో ఒక పొద్దున, ఎండ ఎక్కకముందే, నేను ఆటో ఎక్కాను.

మా బడి పేరు తొలకరి విద్యాలయం. చిల్కానగర్‌లో, నర్సరీ నుంచి పదో తరగతి దాకా ఉంది. చుట్టుపక్కల వాళ్లు రావు సార్ బడి అంటారు. రావు సార్ అంటే మావారు, రామచంద్రరావు గారు. ఫిబ్రవరిలో పదో తరగతి ప్రీఫైనల్ పరీక్షలు జరుగుతుండగా ఆయన స్టాఫ్ రూములోనే పోయారు. ఆ రోజు గురించి ఇంతకంటే రాయలేను. నేను అదే బడిలో తెలుగు చెబుతాను. పిల్లల పబ్లిక్ పరీక్షలు అయ్యేదాకా పాఠాలు మానలేదు. స్టాఫ్ రూములోకి మాత్రం వెళ్లలేదు. హాజరు పుస్తకం ఆయా చేత వరండాలోకి తెప్పించుకునేదాన్ని.

సెలవులు ఇచ్చాక ఆయన బీరువా తెరిచాను. ఇంటి కాగితాలు వేరు, బడి కాగితాలు వేరు అన్న తేడా ఆయనకు ఉండేది కాదు. మా అమ్మాయి కీర్తన పుట్టిన సర్టిఫికెట్టూ, బడి గుర్తింపు పత్రమూ ఒకే ఫైలులో ఉన్నాయి. మా పెళ్లి ఫొటో వెనక అగ్నిమాపక శాఖ అనుమతి. తణుకు దగ్గర వాళ్ల ఊళ్లో అన్నదమ్ములు రాసుకున్న పంపకాల కాగితం మడతలో మొదటి బ్యాచి పిల్లల గ్రూపు ఫొటో. నాచారంలో ఆయన గుమాస్తాగా పనిచేసిన బల్బుల ఫ్యాక్టరీ వాళ్లు ఇచ్చిన ఆఖరి ఉత్తరం కూడా ఉంది. దాని వెనక పెన్సిలుతో టైంటేబులు గీసి ఉంది. ఫ్యాక్టరీ లాకౌట్ అయిన రోజుల్లో కార్మికుల పిల్లలు వీధుల్లో తిరుగుతుంటే, ఆయన వాళ్లను మా అద్దె ఇంటి డాబా మీద కూర్చోబెట్టి లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. రెండువేల ఒకటిలో అదే బడి అయింది. కొన్నేళ్లకు నాచారం అద్దె ఇంటి నుంచి చిల్కానగర్‌లో సొంత భవనంలోకి వచ్చింది.

ప్రైవేటు బడి పెట్టాలంటే ముందు ఒక సొసైటీ ఉండాలి. దానికి ఏడుగురు సభ్యులుండాలి. ఇంట్లోవాళ్లు చాలకపోతే తెలిసినవాళ్ల పేర్లు రాసుకుంటారు. మావారూ అలాగే రాశారు. ఆయన, నేను, గిరి, పక్కవాటా విశ్వనాథం గారు. విశ్వనాథం గారు కూడా ఇప్పుడు లేరు. తర్వాతి పేరు మాకు పాలు పోసే పోశయ్య గారిది. ఆ తర్వాతిది, ఫ్యాక్టరీలో లేత్ మిషను మీద పనిచేసిన జోసఫ్ భార్య లూర్దమ్మది. చివరిది ఉప్పల్‌లో టైలర్ షాపు ఉన్న కనకరాజు గారిది.

ఏటా సభ్యులు కూర్చుని మాట్లాడుకోవాలి. మాట్లాడుకున్నది తీర్మానాల పుస్తకంలో రాసి, నకలు ఆఫీసులో ఇవ్వాలి. మా సభ్యులు ఒక్కసారి కూడా కూర్చోలేదు. చాలా బళ్లలో ఇంతే. సభ్యులందరూ హాజరై లెక్కలు ఆమోదించారని ఒక్క వాక్యం రాసి, సంతకాలకు పుస్తకం తిప్పుతారు. ఆయన అలా రాయలేకపోయేవారు. ఏడాదికి ఒక ఆదివారం మధ్యాహ్నం భోజనాల బల్ల మీద పుస్తకం తెరిచి, ఈసారి పోశయ్య ఏమంటాడంటావు అని నన్ను అడిగేవారు. నేను ఏదో ఒకటి చెప్పి నవ్వేదాన్ని. నేను చెప్పింది రాసేవారు కాదు. కాసేపు ఆలోచించి, పోశయ్య గారు ప్రతిపాదించగా లూర్దమ్మ గారు బలపరిచిరి అంటూ తనే ఏదో రాసుకునేవారు. రాశాక ఇక ఆ పని చేయకుండా ఉండలేకపోయేవారు. సభ్యుడు అడిగాడు, తీర్మానం అయింది, చేయకపోతే ఎలా అనేవారు. ఆ సభ్యుడు మర్నాడు పాల క్యాను కింద పెట్టి, చూపించిన చోట సంతకం చేసి వెళ్లిపోయేవాడు.

ఆయన పోయాక బడి ఎవరు చూస్తారన్న ప్రశ్న వచ్చింది. యాజమాన్యం తరఫున అన్నిచోట్లా సంతకం చేసే మనిషిని కరస్పాండెంట్ అంటారు. ఆ మనిషి లేకుండా జూన్‌లో బడి తెరవడానికి లేదు. గిరికి ఉప్పల్‌లో ఎలక్ట్రికల్ సామాన్ల కొట్టు ఉంది. అతనికి తీరదు. నాకు ధైర్యం లేదు. చాలా ఊళ్లలో బళ్లున్న ఒక పెద్ద సంస్థ వాళ్లు గిరిని కలిశారు. భవనం తీసుకుంటారు. పిల్లలకు పరీక్ష పెట్టి, గట్టెక్కిన వాళ్లను చేర్చుకుంటారు. టీచర్లను వాళ్లే తెచ్చుకుంటారు. గిరి ఇదంతా నా మంచికే చేశాడు. అందులో నాకు అనుమానం లేదు. నేను సరేనన్నాను.

చెంగిచెర్లలో పోశయ్య గారు బర్రెలకు నీళ్లు పెడుతున్నారు. చెయ్యి తుడుచుకుని, ఎక్కడ పెట్టాలని అడిగి, సంతకం చేశారు. సార్ లేని ఇంట్లో పాలు ఎక్కువవుతున్నాయేమో, తగ్గించమంటే తగ్గిస్తానన్నారు. నేను తగ్గించమన్నాను. ఉప్పల్‌లో మెట్రో స్తంభాల దుమ్ములో కనకరాజు గారి షాపు సగం తలుపు వేసి ఉంది. ఆయన కాగితం మీద మొదటి రెండు వరుసలు చదివి, కొత్తవాళ్లు యూనిఫాం ఎక్కడ కుట్టిస్తారని అడిగారు. తెలియదన్నాను. ఊఁ అని సంతకం చేశారు.

నాచారంలో లూర్దమ్మ అప్పుడే దవాఖాన నుంచి వచ్చింది. ఆమె అక్కడ ఆయా. నన్ను మంచం మీద కూర్చోబెట్టి, కిటికీ దగ్గర నిలబడి కాగితం మొత్తం చదివింది. చదవడానికి చాలాసేపు పట్టింది. నేను గోడ మీద ఆమె కూతురు నిస్సీ ఫొటో చూస్తూ కూర్చున్నాను. నిస్సీ మా బడిలో పది చదివి, ఇప్పుడు నర్సింగ్ చేస్తోంది.

"మేడమ్, సభ్యులందరు వచ్చిన్రు, మాట్లాడిన్రు, ఒప్పుకున్నరు అని రాసిన్రు ఇండ్ల. ఎప్పుడొచ్చిన్రు? నేనైతే రాలే."

అది అలా రాయడం పద్ధతి అని చెప్పాను.

"ఇన్నేండ్లు సార్ అడిగితే సదువకుంటనే పెట్టిన. బడి నడిపెతందుకు అడిగిండు, పెట్టిన. బంద్ జేసెతందుకైతే ఊకె పెట్టను. మీటింగ్ పెట్టున్రి. వస్త. అందరు సరే అంటే అప్పుడు పెడత."

నాకు కోపం రాలేదు. అలసటగా అనిపించింది. మంచినీళ్లు తాగి వచ్చేశాను. గిరి ఫోన్లో విసుక్కున్నాడు. ఐదుగురిలో నలుగురు పెట్టారు కదా అన్నాడు. కొనేవాళ్లు అందరివీ కావాలన్నారని వాళ్ల మాటే అతనికి గుర్తుచేశాను. చివరికి, ఆదివారం ఒక గంట కూర్చుంటే పోయేదేముంది, పెట్టండి వదినా అన్నాడు.

ఆదివారం యూకేజీ గదిలో కూర్చున్నాం. అక్కడ ఫ్యాను బాగా తిరుగుతుంది. పెద్ద కుర్చీలు స్టాఫ్ రూములో ఉన్నాయి. తెస్తానని గిరి లేచాడు గానీ, ఈలోగా పోశయ్య గారు పసిపిల్లల బెంచీ మీద కూర్చుని మోకాళ్లు గడ్డానికి ఆనించుకున్నారు. నన్ను ఇంక లేపకున్రి, మల్ల కూసోలేను అన్నారు. అందరం బెంచీల మీదే కూర్చున్నాం. అప్పటికి లూర్దమ్మ ద్వారా సంగతి పోశయ్య గారికి తెలిసింది. తన సంతకం వాపసు ఇమ్మని వచ్చీ రాగానే అడిగారు. చదవకుండా ఎందుకు పెట్టావని కనకరాజు గారు ఎత్తిపొడిస్తే, నువ్వు రెండు లైన్లు సదివి ఏం పీకినవని జవాబిచ్చారు.

మీటింగులో మొదట ఏం చేస్తారని లూర్దమ్మ అడిగింది. గిరి నా వైపు చూశాడు. కిందటి సమావేశంలో జరిగింది చదవాలి, నియమం అది. నాకు తెలుసు, అతనికీ తెలుసు. అక్కర్లేదు, సరాసరి విషయంలోకి వెళదామని నేను అనవచ్చు. పుస్తకం నా ఒళ్లో ఉంది. వీళ్లు అనని మాటలు పుస్తకం నిండా ఉన్నాయి. వాటి కింద వీళ్ల సంతకాలున్నాయి. నేను అబద్ధం చెప్పినా ఎవరికీ తెలియదు. కానీ అవి ఆయన అక్షరాలు. చదవకుండా మూయబుద్ధి కాలేదు.

ముందుగా, ఇవి సార్ ఇంట్లో కూర్చుని రాసినవనీ, మీరెవరూ అన్నవి కాకపోవచ్చుననీ చెప్పాను. తర్వాత చదివాను. "వానాకాలములో చెంగిచెర్ల వైపు నుండి నడిచి వచ్చు పిల్లలు తడిసి ఆలస్యముగా చేరుచున్నందున, అట్టి వారిని గేటు బయట నిలబెట్టరాదని, శిక్షింపరాదని శ్రీ పోశయ్య గారు ప్రతిపాదించగా శ్రీమతి లూర్దమ్మ గారు బలపరిచిరి."

 పోశయ్య గారు బెంచీ అంచు పట్టుకుని ముందుకు వంగారు.

"ఇంకోపారి సదువమ్మా."

మళ్లీ చదివాను.

"గీ మాట నేనన్న," అన్నారు. "మీటింగ్‌ల కాదు. పాలు పోస్తప్పుడు అన్న. మా మనుమరాలు తడిసి వొణుక్కుంట గేటు కాడ నిలబడ్డది. మా ఇంటిది మొత్తుకుంటుంటే, గా కోపం మీ వాకిట్ల కక్కిన. సార్ పేపర్ సదువుకుంట ఉన్నడు. తల గూడ ఎత్తలే. ఇనలేదనుకున్న."

 ప్రతి ఏడాదీ ఆ భోజనాల బల్ల దగ్గర నేను ఆయనకు ఎదురుగానే కూర్చున్నాను. పోశయ్య ఏమంటాడంటావు అని ఆయన అడిగినప్పుడు, తమాషాకు అడుగుతున్నారనుకున్నాను. ఆయన కల్పిస్తున్నారనుకున్నాను. గుర్తు చేసుకుంటున్నారని అనుకోలేదు.

ఇంకోటి చదవమని లూర్దమ్మ అంది. తల్లిదండ్రుల సమావేశాలు పని రోజుల్లో పెట్టరాదని, ఆదివారమే పెట్టాలని, తల్లులను వరండాలో నిలబెట్టి మాట్లాడకుండా కుర్చీలు వేయాలని ఆమె పేరుతో ఉన్నది చదివాను. ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. నిస్సీ మూడో తరగతిలో ఉండగా షిఫ్టు మధ్యలో పరుగెత్తుకుంటూ వచ్చి, గంటసేపు స్తంభానికి ఆనుకుని నిలబడ్డానని చెప్పింది. సార్‌తో ఏమీ అనలేదట. పోయేటప్పుడు చెప్పు తెగితే చేత్తో పట్టుకుని గేటు దాటిందట. సార్ చూసిన సంగతి అప్పుడు తనకు తెలియదంది.

"ఇగ నా ముచ్చట తియ్యున్రి," అన్నారు కనకరాజు గారు. ఆయన ముఖం విప్పారి ఉంది.

తీశాను. ఆయన పేరు మీద ఎక్కువ లేవు. ఉన్నది చదివాను. యూనిఫాం గుడ్డను తల్లిదండ్రులు తమకు వీలైన ఏ దుకాణములోనైనా కొని ఎక్కడనైనా కుట్టించుకొనవచ్చునని, బడి ఒకే దుకాణమును సూచింపరాదని శ్రీ కనకరాజు గారు ప్రతిపాదించిరి.

పోశయ్య గారు పగలబడి నవ్వారు. కనకరాజు గారు నవ్వలేదు.

"నేనా? నా నోటితోనా? ఆ ఏడు సగం ఆర్డర్లు పోయినయ్. ఎందుకు పోయినయో సమజ్ గాక ముగ్గురిని అడిగిన. నేనే అన్ననా నా పొట్ట మీద కొట్టుకునుడు?"

ఆయన ఎప్పుడైనా, ఏ సందర్భంలోనైనా అలాంటి మాట అన్నారేమో గుర్తు చేసుకోమని గిరి అడిగాడు. ఛస్తే అనలేదన్నారు. ఆయన నిజమే చెబుతున్నారని నాకు అర్థమైంది. ఈ ఒక్కటీ మావారి సొంతం. తన పేరుతో రాసుకుంటే సరిపోయేది. కనకరాజు గారంటే గిట్టక చేశారని అంటారనుకున్నారో, ఆయన నోటితోనే అనిపిస్తే ఆయన కాదనలేరనుకున్నారో, అడగడానికి మావారు లేరు. తప్పు జరిగిందని కనకరాజు గారితో చెప్పాను. మావారి తరఫున నేను క్షమాపణ అడుగుతున్నానన్నాను.

"మాపీ ఎందుకమ్మా. నేను అనలేదని రాయున్రి. ముందుగాల అది రాయున్రి."

రాశాను. ఆ పుస్తకంలో మొదటిసారి నా చేతిరాత పడింది. యూనిఫాం ప్రతిపాదన తాను చేయలేదని శ్రీ కనకరాజు గారు తెలియజేసినారు. ఆయన పుస్తకం తన వైపు తిప్పుకుని, ఆ వరుస చదువుకుని, తలూపి తిరిగి ఇచ్చారు.

అప్పుడు గిరి అసలు విషయం ఎత్తాడు. బాగా మాట్లాడాడు. వదిన ఒక్కతే నడపలేదన్నాడు. ఆఫీసుల చుట్టూ తిరగాలి, ప్రతి ఏడాదీ ఏదో ఒక కొత్త నియమం వస్తుంది, ఇంకో వారంలో రాష్ట్రమే వేరవుతోంది, అవతలి నుంచి వచ్చిన వాళ్ల మాట ఇక్కడ ఇక ఎవరు పట్టించుకుంటారన్నాడు. గొంతు తగ్గించి అన్నాడు ఆ చివరి మాట. తన కొట్టు గురించి కూడా అతను రాత్రుళ్లు అదే ఆలోచిస్తున్నాడని నాకు తెలుసు.

"గిరన్నా," అన్నారు పోశయ్య గారు, "నీ కొడుకు తేజేష్ గాడు నన్ను ఏందే పోశన్నా, పాలల్ల నీళ్లు మస్తైనయ్ అంటడు. గాడు నాకన్న మంచిగ మాట్లాడతడు మా మాట. నువ్వు ఇంక అవతలోనివి ఎట్లయితవ్? తెలంగాణ నేను గూడ కావాల్నన్న. బడి పోవాల్నని అనలే."

 నీళ్లు మాత్రం ఎక్కువే అన్నాడు గిరి. పోశయ్య గారు ఒప్పుకోలేదు.

లూర్దమ్మ నా వైపు తిరిగింది. అందరూ చెప్పారు, మేడమ్ ఏమనుకుంటున్నారో మేడమ్ చెప్పాలి అంది. జూన్‌లో బడి తీయాలని ఉందా లేదా అని అడిగింది. ఫిబ్రవరి నుంచి నన్ను ఆ మాట ఎవరూ అడగలేదు. చేయగలవా అని అడిగారు, ఎలా చేస్తావని అడిగారు.

తీయాలని ఉందని చెప్పాను. పిల్లల ముందు నిలబడితే నాకు ఏ ఇబ్బందీ లేదనీ, కాగితాల పని కూడా నేర్చుకోగలననీ చెప్పాను. తర్వాతి మాట కూడా చెప్పేశాను. "స్టాఫ్ రూములోకి వెళ్లలేకపోతున్నాను. కరస్పాండెంట్ అయితే రోజూ అక్కడే కూర్చోవాలి."

ఎవరైనా ఓదారుస్తారేమోనని భయపడ్డాను. లూర్దమ్మ లేచి, తలుపు దగ్గరికి వెళ్లి, వరండాలో అటూ ఇటూ చూసి వచ్చింది.

"గీ యూకేజీ రూము గంతే పెద్దగుంది. చిన్న పిల్లల్ని అటు పంపున్రి, టీచర్లను ఇటు తెచ్చుకోన్రి. పిల్లలు లొల్లి జేస్తే రెండు రోజుల్ల అది వేరే రూము అయితది. ఇండ్ల ఏముంది?"

నాకు నిజంగా ఇది తట్టలేదు. రెండు నెలలు వరండాలో నిలబడి హాజరు వేశాను, గదులు మార్చవచ్చని అనుకోలేదు. ఆ గదిలో పసిపిల్లలు అక్షరాలు దిద్దుతూ, ఒకరి పలక ఒకరు లాక్కుంటూ ఉంటారన్న ఊహ వచ్చింది. అది ఆయనకు బాగుండేది.

నేను కరస్పాండెంట్‌గా ఉండాలని లూర్దమ్మ ప్రతిపాదించింది. పోశయ్య గారు బలపరిచారు. బడి అప్పగించే తీర్మానం రద్దు కావాలన్నదానికి కనకరాజు గారు కూడా చెయ్యెత్తారు. నీకేంది అంత ప్రేమ అని పోశయ్య గారు అడిగితే, ప్రేమ లేదు, బడి పోతే నేను ఎవరితోని కొట్లాడాలె అన్నారు. గిరి చెయ్యెత్తలేదు. ఎత్తకపోయినా, డీఈవో ఆఫీసులో కరస్పాండెంట్ మార్పు కాగితాలు ఎవరిస్తారో తనకు తెలుసనీ, సోమవారం కొట్టు మూసి వస్తాననీ చెప్పాడు. కొనేవాళ్లకు ఫోను మాత్రం తను చేయనన్నాడు. నేను చేస్తానన్నాను.

ఇంక అయిపోయిందనుకుని పుస్తకం మూయబోతుంటే కనకరాజు గారు ఆపారు. ఇది మీటింగే అయితే తనకూ ఒక ప్రతిపాదన ఉందన్నారు. ఈ ఏడాది నుంచి యూనిఫాం మళ్లీ ఒకే చోట కుట్టించాలి. రంగులు కలవడం లేదు, ఒక్కో పిల్లవాడిది ఒక్కో నీలం, ప్రార్థనలో నిలబెడితే చూడలేకపోతున్నానన్నారు. అది కూడా నిజమే. లూర్దమ్మ ఒప్పుకోలేదు. ఎవరు అన్నా అనకపోయినా ఆ తీర్మానం మంచిది, దాన్ని కదిలించవద్దు, నిస్సీకి తను పాత గుడ్డ కొని ఇంట్లోనే కుట్టిన ఏడాదిని మరిచిపోలేదంది. పోశయ్య గారు లూర్దమ్మ వైపు. గిరి, ఇంతసేపూ ఊరుకున్నవాడు, కనకరాజు గారి వైపు చేరాడు. ముగ్గురు ఒకేసారి మాట్లాడుతున్నారు. నేను రాయలేక కలం ఆపి, బెంచీ మీద చేత్తో తట్టి, ఒకరి తర్వాత ఒకరు చెప్పండన్నాను. చెప్పారు. చేతులెత్తమంటే అటు ఇద్దరు, ఇటు ఇద్దరు.

అందరూ నన్నే చూశారు. అడిగి చెప్పడానికి పక్కన మనిషి లేరు. కాసేపు ఆలోచించుకున్నాను.

"గుడ్డ చూడకుండా నేను చెప్పలేను," అన్నాను. "కనకరాజు గారూ, శనివారం రెండు మూడు రకాలు పట్టుకురండి. మీ దగ్గర ఎంత పడుతుందో, బయట ఎంత పడుతుందో పక్కపక్కన పెట్టి చూద్దాం. లూర్దమ్మా, బయటి గుడ్డ నువ్వు తీసుకురా."

ఆయన దానికి ఒప్పుకుని లేచారు. పోశయ్య గారిని లేపడానికి గిరి చెయ్యి అందించాల్సి వచ్చింది. శనివారం ఎప్పుడని లూర్దమ్మ గుమ్మం దగ్గర ఆగి అడిగింది. ఆ వారం ఆమెకు మధ్యాహ్నం డ్యూటీ. పొద్దున్నే పెట్టుకుందామని చెప్పాను.